జానెడు ఎత్తిన బండి

ఓబులేసన్న బండి కొన్నాక నేలమీద కాలు పెట్టడం మానేశాడు. అసూయతో అంటున్న మాట కాదిది, మార్కాపురంలో ఎవరినైనా అడగండి. యుద్ధం అయిపోయాక మిలిట్రీవాళ్ళు వదిలించుకున్న పాత పికప్పు అది. ముందు ఇద్దరు కూర్చునే సీటు, వెనక తొట్టి. ఆ సీట్లోనే ఆయన మజ్జిగ తాగేవాడు, ఆకువక్క వేసుకునేవాడు. మంగలి ఫుట్‌బోర్డు మీద నిలబడి గడ్డం గీసేవాడు. హ్యాండిలు తిప్పి ఇంజను లేపేది మాత్రం నేను. వెనక తొట్టిలో నా గొర్రెల మధ్య కూర్చునేదీ నేనే. గొర్రెలమ్ముకునే మస్తానయ్యకు అంతకంటే మర్యాద ఎవరిస్తారు?

"ఒకసారి దిగరాదా అన్నా" అంటే, "ఓనరే దిగి తిరిగితే బండికి విలువేముంటాది? అందరూ చూస్తాండారు" అనేవాడు. ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు.

బండికి ఒక్కటే జబ్బు. ఇంజను కింద నూనె ఉండే చాంబరు నేలకు మరీ దగ్గర. పెద్దారవీడు వైపు పోవాలంటే రాళ్ళవాగు దాటాలి. అప్పట్లో కర్నూలు మాకు జిల్లా కేంద్రం, అది చాలదన్నట్టు కొత్తగా ఏర్పడ్డ రాష్ట్రానికి రాజధాని కూడా అయింది. అక్కడ గుడారాల్లో సర్కారు నడుస్తోందని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మా వాగుకు వంతెన వేసే పెద్దమనిషి ఏ గుడారంలో నిద్రపోతున్నాడో ఎవరికీ తెలియదు.

ఆ వాగులోనే మా అన్న కొంప మునిగింది. బామ్మర్ది రంగనాయకులు పెళ్ళికి పెళ్ళాన్ని ఎక్కించుకుని అత్తగారి ఊరికి బయల్దేరాడు. వాగు మధ్యలో చాంబరు రాతిమీద కూర్చుంది. నేను దిగాను. నెట్టడానికి నా ఒక్కడి బలం చాల్లేదు. కృష్ణవేణమ్మ వదిన పట్టుచీర ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి నాతోపాటు నెట్టింది. ఓబులేసన్న సీట్లోంచి తల బయటపెట్టి, "ఊఁ, ఇంకొంచెం! పట్టు పట్టండి!" అంటున్నాడు.

"నువ్వూ దిగన్నా!" అని అరిచాను.

"స్టీరింగు ఎవురు పట్టుకుంటారురా? ఒడ్డున అందరూ చూస్తాండారు!"

ఈసారి నిజంగానే చూస్తున్నారు. అత్తగారి ఊరు వాగు అవతలే కాబట్టి పెళ్ళికొచ్చిన చుట్టాలంతా ఒడ్డున చేరారు. చివరికి పెళ్ళికొడుకే ఎద్దుల్ని తోలుకొచ్చి, తాడు కట్టి, బావను బండితో సహా ఒడ్డుకు లాగించాడు. వదిన చీర నడుం దాకా బురద. పెళ్ళయింది, చుట్టాలు పోయారు, ఆమె మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయింది. నేను గొర్రెలకోసం అటు పోయినప్పుడు కబురు చెప్పింది.

"మీ అన్నను వచ్చి తీసకపొమ్మను మస్తానూ. కాకపోతే ఈసారి దిగేది నేను కాదని చెప్పు."

కబురు విని అన్న చాలాసేపు స్టీరింగు నిమిరాడు. "అర్థమైందిరా" అన్నాడు. "బండి వాగులో ఆగకూడదంటాంది. ఎత్తు లేపాల."

నాకూ అప్పుడు అట్లనే తోచింది. మగబుద్ధి అంతే మరి.

పెళ్ళాం లేని ఇల్లు ఆయనకు బొత్తిగా పొసగలేదు. సంగటి మాడేది, చారు నీళ్ళయ్యేది. పొద్దున లేచి అలవాటుగా "ఏమేయ్" అని పిలిచి, పలికేవాళ్ళు లేక తడుముకునేవాడు. ఆమె మీద బెంగ పెట్టుకున్నాడు. ఒక్కసారి పోయి "తప్పయిపోయింది, రా" అంటే సరిపోయేది. ఆ మాట కంటే టన్ను ఇనుము ఎత్తడమే ఆయనకు సులువు.

ముందు లారీ షెడ్డు బాషా దగ్గరికి పోయాం. బాషా బండి కిందికి దూరి, ఇరుసుల మీద బరువు మోసే ఇనుప కమాను కట్టలు చూసి, "పాత లారీ కమాను పట్టీలు తెచ్చి నీ కమాను కట్టల్లో కలుపుతా. కొంచెం గట్టిగా ఎగరేస్తాది గానీ నమ్మకమైన పని. జాకీ పెట్టాల, నువ్వు దిగు" అన్నాడు.

"దిగాల్నా?"

"దిగకపోతే ఎట్ల? కింద పని, పైన మనిషా?"

అన్న నావైపు తిరిగి, "వీనికి పని రాదు, పా" అన్నాడు.

తర్వాత గురుస్వామి ఆచారి కొలిమి. ఎద్దులబండ్లు చేయడంలో చేయి తిరిగినవాడు. మోటారు బండిని దగ్గరగా చూడటం అదే మొదలు. ఇరుసుకూ కమాను కట్టకూ మధ్య తుమ్మమొద్దు దిమ్మె పెట్టి, పొడుగాటి బోల్టులు సాగగొట్టి బిగిస్తానన్నాడు. పెద్ద టైర్లు వేస్తేనో అని నేనొక సలహా పారేశాను. అవి ఎక్కడ దొరుకుతాయో నాకే తెలియదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"నేను దిగాల్నా ఆచారీ?" అన్నాడు అన్న.

"నువ్వెందుకు నాయనా దిగేది? కూచో. దూలాలు పెట్టి నీతోనే లేపుతాం."

అట్లా ఖాయమైంది బేరం. మంచి పనివాణ్ణి ఎంచుకునే పద్ధతి మా అన్న దగ్గర నేర్చుకోవాలి.

కొలిమి దగ్గరి జనమంతా దూలాలు పట్టి లేపుతుంటే అన్న పల్లకీలో పెళ్ళికొడుకులా లోపల ఊగుతూ కూర్చున్నాడు. సాయంత్రానికి దిమ్మెలు బిగించి కిందికి దించారు. చూస్తే, వెనక భాగం ఆకాశానికి లేచింది, ముక్కు నేలకు దిగింది. గడ్డి మేసే దున్నపోతులా ఉంది బండి. అన్న సీటు మీద జారి స్టీరింగుకు అతుక్కుపోయాడు.

"ఇదేంది ఆచారీ?" అన్నాను.

"బండన్నాక ముందుబరువు ఉండాల కదప్పా. వెనకబరువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడకు ఉరి పడదూ?"

"ఎద్దులు ఏవీ?"

ఆచారి బండి ముందుకు పోయి నిజంగానే చూశాడు. "అదీ నిజమే" అన్నాడు.

మర్నాడు ముందు ఇరుసు మీదా దిమ్మెలు పెట్టారు. అన్నకు ఆశ పుట్టి ఇంకో బెత్తెడు కావాలన్నాడు. మొత్తం జానెడు పైనే లేచింది. నా గొర్రెలు దాన్ని చూసి వెనక్కి నడిచాయి. ఒక్కొక్కదాన్ని చంకనెత్తి తొట్టిలో పడేయడానికి నా నడుం పోయింది. అన్న మాత్రం ఇంటి అరుగు పక్కన బండి ఆపి, అరుగు మీదినుంచి నేరుగా సీట్లోకి అడుగు వేసేవాడు. ఆ ఎత్తు ఎంతో ఆయన కాళ్ళకు తెలియనే లేదు.

మంచి రోజు చూసుకుని బయల్దేరాం. వాగులో రాయి కింద ఉండిపోయింది, బండి పైన పోయింది. పూచికపుల్ల తగిలిన చప్పుడు లేదు. అన్న హారను మోగించుకుంటూ ఊళ్ళోకి పోయి అత్తగారి వాకిట్లో ఆపాడు. ఊరంతా వచ్చింది. అత్త వెంకటసుబ్బులమ్మ కూతురికి ఒడి నింపింది. బియ్యం, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి. పుట్టింటి ఒడిబియ్యం గింజ కూడా నేల రాలకూడదు, ఒడి నిండాక మళ్ళీ గడప లోపలికి పోకూడదు. వదిన రెండు చేతులా ఒడి పట్టుకుని బండి దగ్గరికి వచ్చి నిలబడింది.

ఫుట్‌బోర్డు ఆమె నడుం దగ్గరుంది.

పీట తెచ్చారు, చాల్లేదు. రోలు దొర్లించుకొచ్చారు, దానిమీదికి ఎక్కడానికే ఇంకో పీట కావాలి. రంగనాయకులు చేతులు కట్టుకుని నవ్వాడు. "బావా, మా ఎద్దులబండి కట్టమంటావా? ఆ ఎద్దులకు నీ బండిని లాగిన దారి కూడా తెలుసు."

జనం గొల్లున నవ్వారు. అన్న ముఖం మాడింది. "ఎట్లనో ఎక్కరాదా" అన్నాడు మెల్లగా.

"కబురు చెప్పి పంపినా కదా" అంది వదిన. "ఈసారి దిగేది నేను కాదని."

అప్పుడు తెలిసింది నాకు. అన్నకూ తెలిసింది. ఆయన మెడ దాకా ఎర్రబడింది. నావైపు చూశాడు, నేను తొట్టిలోని నా పొట్టేలు వైపు చూశాను. ఆమె గడప లోపలికి పోలేదు, బండి ఎక్కలేదు. ఎద్దులబండి ఎక్కితే మళ్ళీ ఈయన ముఖం చూడదని నాకు భయం వేసింది.

అన్న ఎడమ తలుపు వైపు జరిగి దూకాడు. నేల ఉంటుందనుకున్న చోట లేదు. మోకాళ్ళ మీదా, చేతుల మీదా బోర్లా వచ్చిపడ్డాడు. పంచె నిండా పేడ. నవ్వులు మిన్నంటాయి.

లేచి దులుపుకుని ఉండవచ్చు. లేవబోయాడు కూడా. తల ఎత్తి ఒకసారి ఆమెను చూశాడు. చూసి, అట్లనే మోకాళ్ళ మీద పాకుతూ ఫుట్‌బోర్డు కిందికి వచ్చి, వీపు చాపాడు.

"ఎక్కు" అన్నాడు.

"అయ్యో, అపచారం! మొగుని మీద కాలా!" అని అత్త నోరు కొట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి. వదిన ఒక్క క్షణం తటపటాయించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్న వీపు మీద కాలు పెట్టింది, ఫుట్‌బోర్డు ఎక్కింది, సీట్లో కూర్చుంది. ఒక్క గింజ రాలలేదు. అన్న ఇంకా కిందనే ఉన్నాడు.

"ఆ పొద్దు వాగులో నేను దిగాల్సింది" అన్నాడు నేలను చూస్తూ.

వదిన ముక్కు చీదుకుంది. "సరే, ఇంక లెయ్యి. అందరూ చూస్తాండారు."

"చూడనీలే" అన్నాడు ఓబులేసన్న.