తాత పాదాలు చూసొచ్చిన ఊళ్ళు

2016 జూన్ నెలాఖరు. కాలేజీ సీటు తేల్చే పెద్దపరీక్ష మార్కులు వచ్చిన మర్నాడు, వాన వెలిసి ఎండ మాడ్చేస్తున్న వేళ, పెంగ్ వాళ్ళ సేమ్యా కొట్టులో ఎప్పటిలాగే పన్నెండున్నరకి పొయ్యి ఆర్పేశారు. పెంగ్ తాత రెండు గిన్నెల బియ్యపు సేమ్యా తిని, ఊరమిరపకాయ నంజుకుని, వెదురు మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. గురక మొదలైన కాసేపటికి అతని పంట్లాం అంచుల దగ్గర ఖాళీ అయింది. పాదాలు గుడ్డచెప్పులతో సహా బయటికి వెళ్ళిపోయాయి.

"వెళ్ళాయా?" అంది ఎదురు కొట్టు షియాంగ్ పిన్ని, తల లోపలికి పెట్టి.

"ఇప్పుడే," అంది మనవరాలు సూయిన్.

"అయ్యో, మావాడు గ్వాంగ్‌జౌలో సరిగ్గా వండుకు తింటున్నాడో లేదో చూసి రమ్మందామనుకున్నానే!"

"పాదాలకి కళ్ళెక్కడివి పిన్నీ?"

"వంటింటి గచ్చు మీద జిడ్డుందో లేదో పాదాలకి తెలీదూ?"

తాత పాదాల విషయంలో ఆ వీధివాళ్ళు పాటించే నియమం ఒక్కటే. అవి తిరిగి వచ్చేదాకా అతన్ని లేపకూడదు. మెలకువ వస్తే దారిలో ఉన్న పాదం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, ఇంక రాదు. అందుకని ఒంటిగంట నుంచి మూడు దాకా బొగ్గు బండివాడు కూడా హారన్ కొట్టడు.

ఆ రోజు పాదాలు వెళ్ళింది సూయిన్ పని మీద. పిల్లకి మార్కులు బాగానే వచ్చాయి. ఐదు రోజుల్లో, ఐదో రోజు సాయంత్రం ఐదు లోపల, ఏ కాలేజీలో ఏ చదువు కావాలో ఫారంలో నింపాలి. బడిలో ఇచ్చిన పుస్తకం ఇటుకంత లావుంది. దాన్నిండా కాలేజీలూ చదువులే. పన్నెండేళ్ళు ఆ పిల్ల అడిగినదల్లా రాసింది. లెక్కలడిగితే లెక్కలు, వ్యాసమడిగితే వ్యాసం. నీకేం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఇప్పుడు అందరూ ఒక్కసారే అడుగుతున్నారు. లోపలికి చూసుకుంటే ఏమీ కనబడటం లేదు.

వాళ్ళ నాన్న గ్వోలియాంగ్ ఇళ్ళకి టైల్స్ వేసే మేస్త్రీ. ఆయనకి ఏ అనుమానమూ లేదు. "ఫైనాన్స్ రాయి. లేదా అకౌంట్స్. మోకాళ్ళ మీద కూర్చునే పని కాకపోతే చాలు."

ఫారం అడుగున ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెడితే, అడిగిన చదువు దొరక్కపోయినా మీరిచ్చింది చదువుతాం అని ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే చదువుతో పాటు కాలేజీ కూడా చెయ్యి జారుతుంది. నిరుడు బట్టల కొట్టువాళ్ళ కుర్రాడు అలాగే పంతానికి పోయి, ఏడాదంతా మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాడు.

"వాడి మార్కులెక్కడ, మన మార్కులెక్కడ! ఆ గడి జోలికి వెళ్ళొద్దు. టిక్ పెడితే తీసుకెళ్ళి పందుల పెంపకంలో పడేస్తారు," అన్నాడు గ్వోలియాంగ్.

"ఒరే, గుమ్మడికాయ కొన్నా తట్టి చూస్తాం కదరా. ఊరు చూడకుండా ఊరెలా ఎంచుతారు?" అన్నాడు తాత. "నేను చూసొస్తాను."

"నువ్వేం చూస్తావు నాన్నా, నువ్వు పడుకుంటావు."

"నీకంటే నయం. నువ్వు మెలకువగా ఉండి కూడా ఏమీ చూడవు."

మొదటి రోజు పాదాలు ఊహాన్ వెళ్ళొచ్చాయి. చెప్పులకి బూడిదరంగు చెరువు బురద అంటుకుంది. రెండో రోజు షియాన్ నుంచి పిండిలాంటి పసుపు మట్టి వచ్చింది. మూడో రోజు చోంగ్‌చింగ్ మట్టి, వంకాయ తొక్కలా ఊదారంగు. నాలుగో రోజు గ్వాంగ్‌జౌ. ఆ రోజు కుడి చెప్పుకి నూనె జిడ్డు కూడా ఉండటం చూసి షియాంగ్ పిన్ని కళ్ళు తుడుచుకుంది.

తాత ఊళ్ళ గురించి చెప్పగలిగింది కొంచెమే. మెట్లెక్కువ, గచ్చు నునుపు, సైకిళ్ళు మీదికొస్తాయి, అంతే. సూయిన్ అది సగం విని, తినే పుల్లతో చెప్పుల మట్టి గీకి గిన్నెల్లోకి తీసేది. బియ్యం కడిగిన నీళ్ళు ఒక్కో గరిటె పోసి చూసేది. షియాన్ మట్టి గటగటా తాగి కూలబడింది. ఊహాన్ బురద రెండు రోజులైనా ఆరలేదు. పెరటి ఎర్రమట్టి మీద మాత్రం నీళ్ళు అలాగే నిలబడ్డాయి.

"అది తాగదు," అన్నాడు తాత. "దాన్ని తాగించడానికి పదేళ్ళు గుట్టల మీదికి సున్నం మోశాను. భుజం వంగింది గాని అది వంగలేదు."

"ఎందుకు తాగదు తాతా?"

"నన్నడుగుతావేం? మోయమన్నారు, మోశాను."

వాళ్ళమ్మ తెచ్చి పిల్ల ముందు పెట్టిన సేమ్యా చల్లారి ముద్దయింది. సూయిన్‌కి తెలియలేదు.

ఐదో రోజు తాత హార్బిన్ అన్నాడు. దేశానికి ఆ చివర. "అంత దూరం ఎందుకు బాబాయ్? ఎడమ పాదానికి అసలే వాతం," అంది షియాంగ్ పిన్ని. వింటేగా.

మూడయింది. పాదాలు రాలేదు. నాలుగయింది. గ్వోలియాంగ్ జిరాక్స్ కొట్టు నుంచి లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్కో అక్షరం ఏరి కొడుతూ ఫారం నింపాడు. ఫైనాన్స్, అకౌంట్స్, బీమా. గడి ఖాళీ.

"ఇంకేమన్నా చెప్తావా?" అన్నాడు గుసగుసగా.

"నాకు తెలీదు నాన్నా."

"తెలీనప్పుడు పెద్దవాళ్ళు చెప్పింది వినాలి."

ఐదుకి ఇరవై నిమిషాలుందనగా కుడి పాదం గడప దాటి వచ్చి, పంట్లాం అంచు కింద అతుక్కుంది. ఎడమది ఇంకా వెనక ఎక్కడో కుంటుతోంది. వచ్చిన చెప్పు నిండా నల్లటి మట్టి. సూయిన్ దాన్ని పిడికిట్లో నొక్కింది. వేళ్ళ గుర్తులతో సహా అలాగే నిలిచింది. వేలితో తడితే విడిపోయింది. గరిటెడు నీళ్ళు పోసింది. చప్పుడు లేదు, మడుగు లేదు, నీళ్ళు లేవు. ఇంకో గరిటె పోసింది. గడియారం సంగతే మర్చిపోయింది.

"పంపేస్తున్నా," అన్నాడు గ్వోలియాంగ్. ఆమెకి వినపడలేదు. ఆయన వేలు మీట మీదికి వెళ్ళింది.

తాత కళ్ళు తెరిచాడు.

"ఆగరా."

పాదాల కోసం గుమ్మంలో కాపు కాస్తున్న షియాంగ్ పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "బాబాయ్! ఎడమది ఇంకా..."

"నా పాదం సంగతి నాకు తెలీదా? నువ్వూరుకో." తాత లేచి కూర్చున్నాడు. "గిన్నెల ముందు ఐదు రోజులుగా ఆ పిల్ల ఏం చేస్తోందో చూశావట్రా? పిల్లా, అదేదో నీ నోటితో చెప్పు."

సూయిన్ చేతిలో మట్టి కేసి చూసింది. "ఇది ఎందుకు తాగుతుందో, మనది ఎందుకు తాగదో తెలుసుకోవాలనుంది. మట్టి చదువు ఒకటుంది నాన్నా. పుస్తకంలో చివరి పేజీల్లో. హార్బిన్‌లో చెప్తారు."

గ్వోలియాంగ్ మొహం ఎర్రబడింది. "మట్టిలోంచి బయటపడటానికి మనకి మూడు తరాలు పట్టింది. మళ్ళీ అందులోకే దిగుతావా?"

"మనల్నెవరన్నా అడిగారట్రా? దాన్ని అడిగారు, అది చెప్పింది," అన్నాడు తాత. "ఇంక నోరు మూసుకుని లాప్‌టాప్ అటు తిప్పు."

సిమెంటుకి పగిలిన వేళ్ళతో గ్వోలియాంగ్ లాప్‌టాప్ అటు తిప్పాడు. రాసినవన్నీ సూయిన్ చెరిపేసి కొత్తగా కొట్టింది. గడిలో టిక్ కూడా పెట్టింది.

"పందులిచ్చినా సరేనా?" అన్నాడు నాన్న.

"సరే."

నాలుగు యాభై ఏడుకి ఫారం వెళ్ళింది. జూలైలో హార్బిన్ నుంచి కవరొచ్చింది, అడిగిన చదువే. గ్వోలియాంగ్ దాన్ని రెండుసార్లు చదివి, రైలు టిక్కెట్టు తనే కొన్నాడు. చదువయ్యాక సూయిన్ తిరిగొచ్చి, తాత సున్నం మోసిన గుట్టల మీదే పనిలో చేరింది.

తాత ఎడమ పాదం మాత్రం రాలేదు. ఆ తర్వాత బతికిన ఆరేళ్ళూ అతను చంకకర్ర మీదే నడిచాడు. మధ్యాహ్నం నిద్రలో కుడి పాదం ఒక్కటీ ఎక్కడికీ వెళ్ళలేదు.