దాలమ్మ అరగంట

డాకులో గవరయ్య చేసిన ఉద్యోగమల్లా క్రేను కింద నిలబడి చేతులు ఊపడం. పైన కూర్చున్న డ్రైవరుకి కింద సంగతి కనబడదు. ఆ చప్పుడులో నోటితో చెబితే వినబడదు. అందుకని ఎత్తు, దించు, ఆపు అన్నీ చేతులతోనే చెప్పాలి. రిటైరయ్యాక క్రేను డాకులోనే ఉండిపోయింది గానీ చేతులు మాత్రం అతనితో పాటు హుగ్లీ ఒడ్డున వాట్‌గంజ్‌లోని రెండు గదుల వాటాకి వచ్చేశాయి. మంచం మీద కూర్చుని వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే టీ కావాలని. వేలు కిందికి చూపిస్తే గ్లాసు తీసుకెళ్లమని. అరచెయ్యి చాచి కదపకుండా పట్టుకుంటే టీవీకి అడ్డం తప్పుకోమని.

ఓడలో ఇనుము కూడా ఇన్నిసార్లు లేచి దిగి ఉండదనుకునేది అతని భార్య దాలమ్మ. పగలంతా నడుము లాగేది. రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఆ సంగతి పై వాటాలో అద్దెకుంటున్న సుజనతో చెప్పుకుంది. సుజనది కరీంనగర్. సెక్టార్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. పొద్దున్నే మేడ మీద తెల్ల గుడ్డ తలకు చుట్టుకుని యోగా చేసుకునే పిల్ల.

"నాతోని రా పెద్దమ్మా, కుండలిని యోగా నేర్పిస్త" అంది సుజన. "వెన్నెముక కింద ఒక శక్తి పాము లెక్క చుట్ట చుట్టుకొని పండుకొని ఉంటదంటరు. ఊపిరితోని, మంత్రంతోని, ఆసనంతోని దాన్ని మెల్లగ లేపుతరు. ఒక్కొక్క చక్రం దాటుకుంట తలదాక పోతదట."

"పడుకున్నదాన్ని లేపడమెందుకమ్మా? నన్ను లేపడానికైతే ఇంట్ల ఒకడున్నాడు. దాన్నైనా పడుకోనీ."

సుజన పగలబడి నవ్వింది. "పాము సంగతి తర్వాత చూద్దాం. ముందుగాల నీకు నిద్ర పడతది. నడుము తేలికైతది. కోపం తగ్గుతది. పరగడుపున చెయ్యాలె, కళ్లు తిరిగితె ఆపెయ్యాలె, అంతే."

"కోపం తగ్గిపోతే నా ఇంట్ల పనులెలాగవుతాయమ్మా?" అంది దాలమ్మ. అన్నదే గానీ మర్నాడు పాత దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని మేడెక్కింది.

నిటారుగా కూర్చుని, బొడ్డును లోపలికి లాగుతూ ముక్కుతో గబగబా ఊపిరి కొట్టడం మొదటి పాఠం. దాన్ని అగ్నిశ్వాస అంటారట. మొదట్లో దగ్గు వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఒళ్లంతా వెచ్చబడింది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నడుం పైభాగాన్ని తిరగలిలా తిప్పడం రెండోది. ఎముకల్లో ఎక్కడో బిగుసుకున్న మేకులు ఒక్కొక్కటే వదులైనట్టు అనిపించింది. అన్నిటికంటే చివరిది ఆమెకి బాగా నచ్చింది. వెల్లకిలా పడుకుని, దుప్పటి కప్పుకుని, ఏమీ చెయ్యకుండా ఉండటం. హుగ్లీ మీంచి ఫెర్రీ కూత వినబడేది. ఎవరి వేలూ కనబడేది కాదు.

కొన్నాళ్లకి మాత్ర వేసుకోకుండానే నిద్ర పట్టింది. పాము లేచిందో లేదో గానీ దాలమ్మ మాత్రం పడుకుంది.

గవరయ్యకి మాత్రం పొద్దుటి టీ అరగంట వెనకబడింది. కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. సోమవారం సాయంత్రం రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. డాకులో ఆ సైగకి పని మొత్తం నిలిచిపోయేది.

"రేపటితో సరి. ఈ వయసుల మేడెక్కి గాలి పీల్చుకోడమేటి? కింద గాలి నేదా?"

"నేదు" అంది దాలమ్మ.

"నేకపోతే కిటికీ తీస్తాను. ఎల్లుండి నుంచి మేడ మీదికి ఎల్లకు."

ఇన్నేళ్ల కాపురంలో దాలమ్మకి తనకంటూ దొరికింది ఆ అరగంటే. అది కూడా పోతోంది.

మంగళవారం తెల్లవారకముందే లేచి తలంటు పోసుకుంది. ఆఖరి రోజు కదా అని పసుపు కూడా రాసుకుంది. తడి జుట్టు విరబోసుకునే మేడెక్కి, కళ్లు మూసుకుని కూర్చుంది. బాధంతా ఊపిరిలోకి వచ్చి చేరింది. బుసలు కొడుతున్నట్టు అగ్నిశ్వాస చేసింది. నడుము తిప్పుతుంటే జుట్టు మొహం మీద అటూ ఇటూ కొట్టుకుంటోంది. "మెల్లగ, పెద్దమ్మా, మెల్లగ!" అంటోంది సుజన.

సరిగ్గా అప్పుడే, టీ కోసం అంతకు పైన ఓర్చుకోలేక గవరయ్య మేడ గుమ్మంలోకి వచ్చాడు. మంగళవారం. పసుపు మొహం. విరబోసిన తడి జుట్టు. తిరుగుతున్న ఒళ్లు, బుసలు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాడికి ఇంకెవరూ వివరించనక్కర్లేదు. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండగా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అసిరితల్లే! పిన్నమ్మా! బేగి రా! మాయావిడ మీదికి అమ్మోరొచ్చీసింది!"

అతను పిలిచిన అమ్మన్నమ్మ ఆ భవనంలో అందరికంటే పెద్దది. ఒకప్పుడు ఊళ్లో పండగ వచ్చిందంటే ఆవిడ మీదికే అమ్మవారు వచ్చేది. మోకాళ్ల నొప్పులు ఎక్కడ పోయాయో, పసుపు నీళ్ల బకెట్టుతో మెట్లన్నీ ఎక్కేసింది. వెనకే ఇంకొందరు ఆడవాళ్లు వేపమండలతో వచ్చారు. కింద వాటాలో అందరూ బౌది, అంటే వదిన, అని పిలిచే బెంగాలీ ఆవిడకి ఏం జరుగుతోందో తెలియదు. అయినా ఏదో శుభమే అనుకుని నాలుక ఆడిస్తూ ఉలు ధ్వని చేసి, శంఖం కూడా ఊదింది.

"గిదేంది! అమ్మోరు కాదు, అది అగ్నిశ్వాస!" అని సుజన అడ్డం వచ్చింది.

"సూసినారా, అగ్గి అంతాంది!" అన్నారు ఆడవాళ్లు. అమ్మన్నమ్మ బకెట్టు ఎత్తి దాలమ్మ నెత్తి మీద కుమ్మరించింది.

"ఓలమ్మో! సన్నీళ్లు! సన్నీళ్లు!" అని దాలమ్మ ఎగిరిపడింది.

"తల్లీ, శాంతించు!" అన్నాడు గవరయ్య. అతని రెండు చేతుల్లో ఎవరో కర్పూరం హారతి పళ్లెం పెట్టారు.

"ఏటయ్యా ఇది? నాను దాలమ్మనే. అమ్మోరు కాదు."

"తల్లి మొదట్ల అలగే అంతాది, ఒప్పుకోదు" అంది గుంపులో ఒకావిడ.

అమ్మన్నమ్మ వంగి, దాలమ్మ మొహం మీది జుట్టు పక్కకి తీసి, కళ్లలోకి చూసింది. "నీకేటి కావాలో సెప్పు తల్లీ" అని నెమ్మదిగా అడిగింది.

దాలమ్మ చుట్టూ చూసింది. మొగుడు మోకాళ్ల మీద ఉన్నాడు. రెండు చేతులూ పళ్లేనికే సరిపోయాయి, ఊపడానికి ఖాళీ లేవు. అమ్మవారి పేరు చెప్పి ఏదైనా అడగొచ్చు. నోరు రాలేదు. ఉన్నదే చెప్పింది.

"నాను అమ్మోరిని కాదు. అయినా అడిగినారు కాబట్టి సెప్తన్నాను. నాకు పొద్దుట అరగంట కావాల. ఆ అరగంట నన్నెవులూ పిలకూడదు. ఎవులి టీ ఆలే ఎట్టుకోవాల."

"పిలను తల్లీ. హారతి మీద ఒట్టు" అన్నాడు గవరయ్య.

ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ దాలమ్మ మళ్లీ చెప్పింది. "ఏటయ్యా, నిజింగా అమ్మోరు కాదు. అది యోగా."

"తల్లి ఎల్లిపోయాక మనిసికి గుర్తుండదే. నీకేటి తెలుసు, ఊరుకో" అన్నాడు గవరయ్య.

మర్నాడు ఆమె మేడెక్కేసరికి సుజన పక్కన అమ్మన్నమ్మ గొంగళి పరుచుకుని కూర్చుని ఉంది.

"అత్తా, నిన్న నా మీదికి తల్లి రానేదు" అంది దాలమ్మ గుసగుసగా.

"నాకు తెల్దేటి? అసిరితల్లి సన్నీళ్లు సన్నీళ్లని అరుస్తాదేటి?"

"తెలిసీ మరెందుకు అడిగినావు, ఏటి కావాలని?"

"నిన్నెవులైనా ఆ మాట అడిగి ఎన్నాళ్లైందే?"

దాలమ్మ దుప్పటి పరుచుకుంటూ, "నీ మీదికి నిజింగానే వచ్చీదా?" అంది.

"వచ్చిన యేడు వచ్చీది. ఆ పూట మా అత్త నా కాళ్లు కడిగి, కూకోబెట్టి కూడెట్టీది. రాని యేడు..."

"ఊపిరి మీద ధ్యాస పెట్టాలె" అంది సుజన. అమ్మన్నమ్మ వెంటనే గట్టిగా కళ్లు మూసుకుంది. "నువ్వు జోరుగ కొట్టొద్దు అవ్వా, మెల్లగ" అని సుజన ఆవిడకి వేరే చెప్పింది.

కాసేపటికి గుమ్మంలో అలికిడైంది. గవరయ్య చేతిలో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిలవనని ఒట్టు వేశాడు గనక నోరు విప్పలేదు. వేళ్లు మూడూ కలిపి చిటికెడు చక్కెర చల్లినట్టు గాలిలో ఆడించి, ఎక్కడని అరచెయ్యి తిప్పాడు.

దాలమ్మ ఒక కన్ను తెరిచింది. వేలు పైకెత్తింది, పై అరలో అని. తర్వాత అరచెయ్యి చాచి కదపకుండా పట్టుకుంది. గవరయ్య బుద్ధిగా తలూపి మెట్లు దిగాడు.

కొంతసేపటికి కిందినుంచి టీ పొంగిపోయి స్టవ్ మీద మాడిన వాసన వచ్చింది. దాలమ్మ మోకాళ్లు లేవబోయి ఆగాయి.

"ఇప్పుడు ఊపిరి మెల్లగ వదిలెయ్యాలె" అంది సుజన.

దాలమ్మ వదిలేసింది.