అన్న పేరు మీద తాగిన మందు

మా అన్న సదానందం గత్తరతో చనిపోయాడు. కలరాను మా వాడలో గత్తర అనే అంటారు. పదకొండో రోజు కర్మ అయిన మర్నాడు ఆశా వర్కర్ మొగిలమ్మ మా ఇంటి కార్డు పట్టుకొని వచ్చింది. అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. లోపల ఏమీ కదలడం లేదు.

"పండరీ, మూడేండ్ల కింద మీ ఇంట్ల అందరికి గత్తర రాకుండ మందు రెండుసార్లు తాపిన. కార్డుల మీ అన్నకు రెండు టిక్కులున్నయ్. నాలుగైదేండ్లు ఫికర్ లేదని ఇల్లిల్లు తిరిగి చెప్పిన. ఇప్పుడు వాడోళ్లు నా మొహం మీదనే తలుపేస్తాండ్లు. సదానందం తాగినా పాయె, ఇగ మా పిల్లలకెందుకు అంటాండ్లు. ఎల్లుండి మల్ల తాపాలె, ఎట్ల?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను లేచి నిలబడ్డాను. గడప దగ్గర వదిన సుహాసిని కూర్చొని ఉంది, ఒళ్లో కూతురు మహిత. చెబితే వదిన ముందే చెప్పాలి. చెప్పకపోతే వాడలో ఒక్క బిడ్డకూ మందు పడదు.

"అన్న తాగలే అక్కా," అన్నాను. "ఆయన పేరు మీద నేనే తాగిన."

మా పవర్‌లూమ్ షెడ్డులో మేమిద్దరమే. కరెంటు ఉన్నంతసేపు మగ్గం ఆపేది లేదు. అందుకే బయటి పని ఏదైనా ఒకడే ఇద్దరి తరఫునా చేసుకొచ్చేవాడు. ఒకడి బదులు ఇంకొకడు సంతకం పెట్టేవాడు, సంఘం మీటింగుకు పోయేవాడు, ఆఖరికి పెళ్లి భోజనం కూడా చేసొచ్చేవాడు. మొహాలు ఒకటే అచ్చు, ఎవరూ పట్టేవాళ్లు కాదు. మందు తాపిన రోజు వదిన ముందే పోయి తాగొచ్చింది. నేను మహితను ఎత్తుకుపోయి ఇద్దరం తాగి వచ్చాక అన్నను పొమ్మన్నాను. "దారం తెగింది, నా బదులు నువ్వే తాగిరా" అన్నాడు. వెళ్లి తాగాను. రెండు వారాలకు రెండో డోసుకూ అంతే చేశాం. అన్నకు రావలసిన రోగానికి తమ్ముడు మందు తాగాడు! నాలాంటి దద్దమ్మ వరంగల్ మొత్తం వెతికినా దొరకడు.

ఈ వానలకు నల్లా పైపులో మోరీ మురుగునీళ్లు కలిశాయి. ఒకే బిందెలో నీళ్లు నలుగురం తాగాం. అన్న ఒక్కడే పడిపోయాడు.

మొగిలమ్మ కార్డులో అన్న పేరు పక్కనున్న రెండు టిక్కుల మీద వేలు పెట్టింది. "ఈ మాట వాడల అందరి ముందట చెప్తవా?"

"చెప్త."

పన్నెండు రోజుల్లో మొదటిసారి వదిన నోరు తెరిచింది. "మీ అన్న పోయి తాగొస్తె ఎంతసేపయ్యేది?"

"పావుగంట, వదినా."

"పావుగంటల ఎంత బట్ట దిగుతది?"

అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. "మీటరు."

వదిన మహిత తల నిమురుతూ ఉంది.

"రెండుసార్లకు రెండు మీటర్లు," అంది.