ఇంగ్లీషులో ఆ మాట

"ఏం పని చేస్తుందో అడగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ హిందీలో.

ఫ్యాను తిరుగుతోంది గాని ఠాణాలో గాలి లేదు. బల్ల ముందు నేల మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. పొద్దున స్టేషన్ రోడ్డులోని ఒక లాడ్జి మీద దాడి చేసి పట్టుకొచ్చారు వాళ్లని. ఒకామె ఈ ఊరి మనిషే. రెండో ఆమె పేరు అప్పయమ్మ. నలభై దాటిన మనిషి, తెలుగు తప్ప మరో ముక్క రాదు. అందుకే రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కూ, యూనియన్ కార్యదర్శీ అయిన రవిచంద్రకి జీపు పంపి పిలిపించారు. అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ గ్యాంగ్‌మన్‌గా చేశాడు. ఇంట్లో ఇప్పటికీ ఆ మాటే.

"ఏటి చేస్తావమ్మా నువ్వు?"

"యాపారం బాబూ. మా ఆయన పోయిన కాణ్నించి అదే సేస్తన్నాను."

రవిచంద్రకి ఆకలిగా ఉంది. ఆఫీసులో మీటింగుంది.

"ధంధా కర్తీ హై, సాబ్," అన్నాడు.

పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. అప్పుడుగాని అతనికి తట్టలేదు. పాన్ షాపువాణ్ణి 'ధంధా ఎలా ఉంది' అని అడిగితే అది బేరం. లాడ్జిలో పట్టుబడ్డ ఆడదాని గురించి అంటే ఇక ఒకటే అర్థం.

సర్దుకోవడానికి ఒక్క ముక్క చాలు. 'ఏ వ్యాపారమో అడుగుతాను' అంటే సరిపోయేది. అనలేదు. వచ్చే వారం యూనియన్ ధర్నాకి ఈ ఇన్‌స్పెక్టరే అనుమతి ఇవ్వాలి. అదొక్కటే కాదు. ఒంటరి ఆడది అలాంటి లాడ్జిలో ఇంకెందుకుంటుందని అతనికీ మనసులో ఒక మూల అనిపించింది.

ఇన్‌స్పెక్టర్ కంప్యూటరు మీద ఇంగ్లీషులో టైపు చేశాడు. కాగితం ఆంధ్రాకి వెళ్లాలట, హిందీలో రాస్తే అక్కడ చదవరట. ప్రింటయిన కాగితం రవిచంద్ర ముందుకు తోశాడు. "దుబాసీగా మీ సంతకం."

రెండో లైనులోనే ఉంది ఆ మాట. ప్రాస్టిట్యూషన్.

అతనికి కొత్త మాట కాదు. కిందటేడు యూనియన్ నాయకుడొకడు ఆఫీసర్లతో కలిసిపోయినప్పుడు షెడ్ గేటు దగ్గర మైకు పట్టుకుని "ఇది ప్రాస్టిట్యూషన్!" అని అరిచింది తనే. చప్పట్లు మోగాయి. ఆ నాయకుడికి ఏమీ కాలేదు, ఇప్పుడింకా పెద్ద పదవిలో ఉన్నాడు. మాట అతని మీద నిలవలేదు. ఈమె మీద నిలుస్తుంది. ఈమెకంటే ముందు ఊరు చేరుతుంది.

ఈ ఊరామె ఉన్నట్టుండి హిందీలో అడిగింది. "సాబ్, మాతోపాటు దొరికిన ఇద్దరు మగాళ్లనీ వెనక తలుపులోంచి పంపేశారు కదా. వాళ్లకి ఇంగ్లీషులో ఏ మాట రాస్తారు?"

ఇన్‌స్పెక్టర్ కలం రవిచంద్ర ముందు పెట్టాడు. రవిచంద్ర ఆ మాట కోసం మనసులో వెతికాడు. ఇంగ్లీషులో దొరకలేదు, హిందీలో దొరకలేదు, తెలుగులోనూ దొరకలేదు.

సంతకం పెట్టేశాడు.

ఆడ కానిస్టేబుల్ అప్పయమ్మ బొటనవేలు పట్టుకుని సిరా అద్దింది.

"ఏటి రాసినారు బాబూ?"

"నువ్వు చెప్పిందే."

"ఎండుసేపల మాట రాసినారా? ఎండు నెత్తళ్ల మూట లాడ్జీలోనే ఉండిపోనాది. రెండు వేల సరుకు బాబూ. రైల్వే క్వార్టర్లలో మనోల్లకి అమ్ముకుందారని తెచ్చినాను. బండి ఆలీసం అయిపోతే, లాడ్జీవోడు రెండొందలకి మంచం ఇస్తానన్నాడని అక్కడ పడుకున్నాను. ఈ ఎండకి పురుగు పడిపోద్ది. అది కూడా రాయించండి."

రవిచంద్ర తల దించుకున్నాడు. నిన్నగాక మొన్న తన ఇంట్లో వండింది అలాంటి నెత్తళ్లే.

"అది రాయలేదమ్మా," అన్నాడు. గొంతు అతనికే వినబడలేదు. మళ్లీ చెప్పాడు. "నువ్వు ఒళ్లమ్ముకుంటన్నావని రాసినారు. నేను సరిగ్గా చెప్పలేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె అతని మొహంలోకి చూసింది.

"మీకు తెలుగు రాదేటి బాబూ?"

"వచ్చమ్మా."

అప్పయమ్మ కానిస్టేబుల్ చేతిలోంచి వేలు లాక్కుంది. సిరాతో ఉన్న బొటనవేలిని లోపలికి మడిచి గట్టిగా పిడికిలి బిగించింది.

"ఏమంటోంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వేలిముద్ర వెయ్యదట సాబ్. ఆమె అమ్మేది ఎండుచేపలు. నేను తప్పు చెప్పాను. నా సంతకం కొట్టేయండి."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "ముద్ర లేకపోయినా ఫరవాలేదు. యూనియన్ కార్యదర్శి సంతకం ఉంది, చాలు." కాగితం ఫైల్లో పెట్టి, ఫైలు మూసి, దాని మీద మోచెయ్యి ఆనించాడు. "జీపు రెడీగా ఉంది, మీరు వెళ్లొచ్చు."

రవిచంద్ర లేవలేదు. బయట జీపు రెండుసార్లు హారన్ కొట్టింది. అప్పయమ్మ వేళ్ల సందుల్లోంచి నీలం సిరా సన్నగా బయటికొస్తోంది.