చెప్పి వచ్చిందాకా

మార్కాపురం పలకల గనిలో ముప్పయ్యేళ్లు రాయి కొట్టిన బుడే సాహెబ్‌కు కొడుకంటే ఎంత గర్వమో! కొడుకు ఓడలెక్కి దేశాలు తిరుగుతుంటే ఆ మాత్రం ఛాతీ విరుచుకోడా ఏమిటి?

ఆ కొడుకు, తౌఫీక్, ఏడు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. సరుకు ఓడలో తుప్పు పట్టిన నిచ్చెన విరిగి, తోటి పనివాడు నిత్యానందం అతని కళ్లెదుటే పడి చనిపోయాడు. తాగి పడ్డాడని కంపెనీ అడ్డంగా బుకాయించింది. నిత్యానందం భార్య భవాని విశాఖలో కోర్టుకెక్కింది. చూసినవాడు తౌఫీక్ ఒక్కడే. కోర్టేమో వాయిదా మీద వాయిదా వేస్తోంది. ఓడెక్కితేనే జీతం. ఎక్కితే తొమ్మిది నెలల దాకా తిరిగి రాలేడు.

ఐదో వాయిదా సోమవారం. శనివారం ఏజెంటు ఫోన్ చేశాడు. ఓడా సోమవారమేనట.

"ఈ వయసులో నువ్వు మళ్లా గనికి పోతాంటే చూడలేకున్నా నాయనా. ఓడెక్కుతా," అన్నాడు తౌఫీక్.

"నన్నడ్డం పెట్టుకుని పోతావేంది? సంచి సర్దు. కోర్టుకే పోదాం. నేనూ వస్తా."

కోర్టులో తౌఫీక్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కంపెనీ లాయరు భవాని వైపు చూసి నవ్వాడు.

"ఏడు నెలలు జీతం లేకుండా ఎవడైనా ఊరికే కూర్చుంటాడా? ఇల్లెలా గడుస్తోంది? ఈవిడే పోషిస్తోందా?"

తౌఫీక్ తల దించుకున్నాడు. ముసలి తండ్రి కూలి తింటున్నానని నలుగురిలో ఎలా చెబుతాడు, పాపం! వెనక బెంచీలో బుడే సాహెబ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాడు. బంట్రోతు కసిరినా కూర్చోలేదు. చెప్పనివ్వమన్నారు జడ్జిగారు.

"నేను సాకుతాండా అయ్యా, వాని తండ్రిని." ఎన్ని సబ్బులకూ వదలని పలకరాతి దుమ్ముతో ఉన్న చేతులు చాపాడు. "మా గనిలో మనిషి పోతే, ఎట్ల పోయినాడో చూసినోళ్లు వాని ఇంట్లో చెప్పి వచ్చిందాకా మళ్లా పనిలో దిగరు. కూలి పోతే పోనీ. నా కొడుకు ఏడు నెల్లకు ఈ పొద్దు చెప్పినాడు. ఇంగ దిగుతాడు."

లాయరు కాగితాల్లో తల దూర్చాడు. భవాని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. బోనులో తౌఫీక్ తలెత్తాడు.

"ఆయన మా నాయన సార్," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.