అడిగినందుకు

లేవి కడప మిషను ట్రైనింగు బడిలో చదువుతున్నాడంటే మాలపల్లెలో అందరికీ గొప్పగా ఉండేది, ఒక్క లేవికి తప్ప. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి అతని గొప్పంతా నీరుగారిపోయేది. ఆ ఏడు వేసవి సెలవులకు ముందు ఇంగ్లీషు చెప్పే దొరసాని మరీ చిక్కు పెట్టింది. అడగడం అని మనం ఒక్క మాటతో సరిపెట్టుకునేదాన్ని ముక్కలు ముక్కలు చేసి బల్లమీద పరిచింది.

అన్నీ ఒకటే కదమ్మా అంటే ఒప్పుకోదు. రిక్వెస్టంటే మర్యాదగా మనవి చేసుకోవడమట. బెగ్గంటే చెయ్యి చాచడం. ఎంట్రీటంటే కాళ్లావేళ్లా పడి బతిమాలడం. డిమాండంటే హక్కున్నవాడు నిలదీయడం. మరి ఆస్కంటే ఏమిటని లేవి అడిగితే, "నువ్విప్పుడు చేసిందే. ఊరికే, మామూలుగా అడగడం" అని నవ్వింది. ఇంటికి పోయి ఒక్కొక్కదాన్ని దాని చోట వాడి చూసి, తిరిగొచ్చాక చెప్పమంది.

కమలాపురం దాటి బండిబాట వెంట ఇల్లు చేరేసరికి లేవి తల్లి విశ్వాసమ్మ జ్వరంతో మూలుగుతూ పడుకుని ఉంది. పల్లెలో ఉన్న ఒక్క బావీ అడుగంటి బురద తేలింది. ఎండలు ముదిరితే పల్లె మొత్తానికీ ఊరి అంచున ఉన్న రెడ్ల బావే దిక్కు. ఆ బావిలో చేద వేసే హక్కు పల్లెవాళ్లకు లేదు. కడవ తీసుకుపోయి దూరంగా ఉన్న నాపరాతి బండమీద పెట్టి, వెనక్కి తగ్గి నిలబడాలి. నీళ్లు తోడుకోను వచ్చిన రెడ్డెమ్మలు ఎవరో ఒకరు తమ బిందెలు నిండాక పైనుంచి పోసి పోతారు. రోజూ విశ్వాసమ్మే పోయేది. ఆ రోజు లేవలేకపోయింది.

"కడవ బండమీద పెట్టి పక్కన నిలబడు నాయనా. అంతే" అంది.

"నిలబడి ఏమనల్లమ్మా?"

"ఏమనేదుంటాది? నిలబడు."

పక్కింటి రాహేలమ్మతోనూ మిగతా ఆడవాళ్లతోనూ లేవి బావి దగ్గరికి పోయాడు. కడవలన్నీ బండమీద పెట్టి అంతా దూరంగా ఎండలో నిలుచున్నారు. చాలాసేపటికి వెంకటలక్ష్మమ్మ వచ్చింది. బావి ఆమె అత్తగారింటిదే. మనిషి చెడ్డది కాదు. ఏళ్లుగా విశ్వాసమ్మ కడవ నింపుతున్నది ఎక్కువగా ఆమే. ఆమె తాపీగా తోడుకుంటోంది, తాపీగా బిందె తోముకుంటోంది. తల్లి ఎండిన పెదవులు గుర్తొచ్చి లేవికి కాలు నిలవలేదు. రిక్వెస్టుకు ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుందనుకున్నాడు.

"రెడ్డెమ్మా, మాయమ్మకు జరం వచ్చి పడుకోనుండాది. దయచేసి రవ్వన్ని నీళ్లు ముందుగా పోస్తారా?"

గిలక చప్పుడు ఆగిపోయింది. రాహేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటలక్ష్మమ్మకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే లేవికి అర్థమయ్యేది. ఆమె తాడు పట్టుకుని అతని వైపు, బండ వైపు, ఊరి వైపు చూసింది. తర్వాత చేద అక్కడే వదిలి, సగం నిండిన బిందె చంకనెత్తుకుని గబగబా వెళ్లిపోయింది. సంగతి తెలిసిందేమో, ఆ పూట ఇంకెవరూ బావికి రాలేదు. పల్లె కడవలన్నీ ఖాళీగానే ఇంటి ముఖం పట్టాయి.

దారిలో ఆడవాళ్లు అతన్ని తిట్టకుండా తిట్టారు.

"నేను మర్యాదగానే అడిగితి గదత్తా" అన్నాడు లేవి.

"మర్యాదగానే అడిగితివిలే. ఎవురు అడగమన్న్యారు?" అంది రాహేలమ్మ. "ఊరికే పోస్తే అది ఆమె ఇష్టం. అడిగితివా, జవాబు చెప్పల్ల. ఊ అంటే ఇంట్లో అత్త ఊరుకోదు. ఊహూ అనేదానికి ఆమెకు నోరు రాదు. ఏం జేస్తాది పాపం, ల్యాసి పాయ."

లేవికి బుర్ర తిరిగిపోయింది. కొట్టడానికో తిట్టడానికో జనం జడుస్తారు గానీ జవాబు చెప్పడానికి జడుస్తారా? సంఘ పెద్ద ఏసేపు వచ్చి, పోయి కాళ్లమీద పడి బతిమాలుకోమన్నాడు. బతిమాలినా అడిగినట్టే కదా, ఉన్నది కూడా ఊడుతుందని రాహేలమ్మ కొట్టిపారేసింది. చెయ్యి చాచడం, నిలదీయడం, లేవికి వచ్చిన మాటలన్నీ వరసగా వచ్చి బండ దగ్గర బోర్లా పడ్డాయి.

సాయంత్రానికి ఎండిన వంక ఇసకలో చెలమ తవ్వి ముంతెడు బురద నీళ్లు తెచ్చి, గుడ్డలో వడగట్టి తల్లికి తాగించాడు. అవీ ఆమె కడుపులో నిలవలేదు. జ్వరం ఇంకా పెరిగింది. లేవికి భయం వేసింది, ఆ భయంలోంచి కోపం వచ్చింది.

"ఆ బాయి తవ్వింది మన తాతలే గదమ్మా. అడిగే హక్కు మనకు ల్యాదా?"

"తవ్వినోళ్లం మనమే" అంది విశ్వాసమ్మ కళ్లు మూసుకునే. "రేపు మాత్రం నోరెత్తొద్దు నాయనా. నీకు దండం పెడతా."

మర్నాడు పొద్దున్నే పోయి నిలబడ్డాడు. వెంకటలక్ష్మమ్మ వస్తూనే అతన్ని చూసి దారిలోనే ఆగింది. వీడు మళ్లీ ఎక్కడ అడుగుతాడోనని ఆమె కళ్లలో బెదురు. లేవి పళ్లు బిగించి తల వంచుకున్నాడు. మాటలన్నీ గొంతులో కుక్కుకుని నిలబడితే సిగ్గుతో చెవులు మండిపోయాయి. దొంగతనం చేసినా అంత సిగ్గు పడి ఉండేవాడు కాదు.

గిలక చప్పుడైంది. ఆమె తన బిందెలు పక్కన పెట్టేసింది. తొలి చేద తీసుకుని తిన్నగా బండ దగ్గరికి వచ్చి, విశ్వాసమ్మ కడవలోనే మొదట పోసింది. నిండేదాకా పోసింది. అతని వైపు మాత్రం చూడలేదు.

అంటే నిన్న అడిగిన మాట ఆమె చెవిలో ఉన్నట్టే కదా? అడిగినందుకు ముందు పోసిందా, ఈ రోజు అడగనందుకు పోసిందా? దారి పొడుగునా లేవికి అంతు చిక్కలేదు. కడవ బరువుకు మెడ వంగిందే గానీ సంతోషం ఎక్కడా తగల్లేదు.

విశ్వాసమ్మ మోచేతిమీద లేచి కూర్చుంది. "ఏమన్నా అడిగితివా?"

"ల్యాదమ్మా. ఊరికే నిలబడినా."

"ఇప్పటికి నేర్చుకొంటివి" అంది తృప్తిగా. అతను కడప పోయి ఎన్ని పరీక్షలు నెగ్గినా ఆమె ముఖంలో అంత తృప్తి కనబడలేదు. లేవికి ఏడుపు తన్నుకొచ్చింది. అది కనబడకుండా ముంత నింపి ఇచ్చాడు.

ఆమె గడగడా తాగేసింది. మూతి తుడుచుకుని, ఖాళీ ముంత కొడుకు ముందుకు చాపింది.

"ఇంగ రవ్వన్ని పోస్తావా?"

లేవి చెయ్యి కడవమీదే ఆగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె ఇంటి బయట ఎవరినైనా ఇలా అడగగా విన్నాడా అని వెతుక్కున్నాడు. ఒక్కసారీ గుర్తు రాలేదు.

"ఏమిరా, పొయ్యవా?" అంది విశ్వాసమ్మ.

లేవి పోశాడు.