గులాబీ మడిలో ఐదో వరుస

"ఫోన్‌తోని ఎన్నన్న తీస్కో అక్కా, ఎవ్వలొద్దనరు. కెమెరా మాత్రం లోపలికి పోదు."

వాచ్‌మన్ బాలనర్సింహ ఈ మాట అనేసరికి కరుణకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెడలో వేలాడుతున్న కెమెరాను రెండు చేతులతో పట్టుకుంది. అది ఆదివారం ఉదయం. గేటు లోపల ఒక జంట గులాబీ కొమ్మలు వంచి మరీ ఫోన్లో సెల్ఫీలు దిగుతోంది. ఓ పెద్దాయన మనవరాలిని మడి మధ్యలో నిలబెట్టి వీడియో తీస్తున్నాడు. వాళ్ళ కాళ్ళ కింద మొక్కలు నలుగుతున్నా ఈల వేయని మనిషి, కెమెరా కనబడగానే పరుగెత్తుకొచ్చి గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"ఫోన్ల ఉన్నది కెమెరా కాదా? మరేంది గది?"

"నాకేం ఎరుక అక్కా. పెద్ద కెమెరా వద్దని సార్లు చెప్పిన్రు."

"ఎందుకు వద్దో అడిగినవా?"

"అడిగితే నన్నే వద్దంటరు."

ఆ జవాబులో న్యాయం ఉంది. కానీ కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాడి న్యాయం కంటికి ఆనదు. కరుణకైతే అసలే ఆనదు.

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా ఆమెకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. వారంలో ఆరు రోజులు శేరిగూడ కాలేజీ పిల్లలకు పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తుంది. గడ్డం ఎత్తు, నవ్వకు, అయిపోయింది, పో. ఏడో రోజు మాత్రం ఆమె సొంతం. కెమెరా మెడలో వేసుకుని, స్కూటీ మీద పడి, మంచాల ఊరి దారిలో కూలిన గడీలు, ఎవరూ నీళ్ళు తోడని మెట్ల బావులు, తలుపుల్లేని కోట గుమ్మాలు తిరుగుతుంది. నాలుగేళ్ళుగా తిరుగుతోంది. తిరిగినకొద్దీ కోపం పెరిగిందే తప్ప తగ్గలేదు. పోయినేడు ఫొటో తీసిన గుమ్మం ఈ ఏడు ఉండదు. బురుజు రాళ్ళు ఎవరిదో ప్రహరీ గోడలో తేలుతాయి. ఇదేమిటని అడిగితే "పాతదే గదా" అంటారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఈ గులాబీల పార్కు కూడా ఒక పాత బావిని పూడ్చి చేసిందే. గేటు పక్కన నల్లరాతి ఫలకం మీద ప్రారంభించిన వాళ్ళ పేర్లు, వచ్చిన వాళ్ళ పేర్లు, వస్తామని రాని వాళ్ళ పేర్లు కలిపి పదకొండు ఉన్నాయి. బావి ఊసే లేదు.

పోయిన ఆదివారం బాలనర్సింహ చాయ్ తాగడానికి పోయినప్పుడు ఆమె లోపల తీరిగ్గా తిరిగింది. ఎర్ర గులాబీల మడి చివర మోకాలెత్తు రాయి ఒకటి ఒరిగి కనబడింది. పార్కులో తోటపని చేసే సత్తమ్మ దాని మీద తువ్వాల ఆరేసుకుంది. తువ్వాల తీసి చూస్తే అక్షరాలు. నాలుగు వరుసలు, పాత తెలుగు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి ఒక్కో అక్షరం లేచి నిలబడ్డట్టుంది. ఫొటోలు తీసి హయత్‌నగర్‌లో ఉండే శ్రీశైలం సారుకు పంపింది. ఆయన రిటైరైన తెలుగు పంతులు, పాత శాసనాలు చదవడమంటే ప్రాణం. సాయంత్రానికల్లా ఫోన్ చేశాడు.

"కరుణా, ఇది బావి శాసనం. దారిన పొయ్యేటోళ్లకు, గొడ్లకు నీళ్లుండాలని బావి తవ్విపిచ్చిన్రు. తవ్విపిచ్చింది ఆడమనిషి! 'మైలమ కూతురు' అన్నకాడ నాలుగో వరుస అయిపోయింది. పేరు ఐదో వరుసల ఉంటది. అదెందుకు తియ్యలే?"

ఐదో వరుస నేలలో ఉంది. కూతురు అన్న మాట కిందే మట్టి మొదలైంది. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి ఊరికి నీళ్ళిచ్చి, తన పేరు రాతి మీద చెక్కించుకుంటే, ఆ పేరు మీద గులాబీలకు ఎరువు పోశారు. ఆ పేరు కావాలి కరుణకు. తను బతికుండగా ఆ ఒక్క పేరైనా ఈ ఊళ్ళో పైకి చదివించాలి. అందుకే ఈ ఆదివారం మళ్ళీ వచ్చింది. అందుకే గేటు దగ్గర గొంతు చించుకుంటోంది.

"సరే. మీ సార్ల తాన పర్మిషన్ కాయితం పట్టుకొస్త. గీ కెమెరాతోనే తీస్త. నువ్వు పక్కన నిలవడి చూస్తవ్."

"తే అక్కా. తెస్తే నాకేంది."

స్కూటీ తీస్తూ, కంచె అవతల కలుపు తీస్తున్న సత్తమ్మను కేకేసింది. "అక్కా, మడి కాడున్న గా రాయి మస్తు గొప్పది. జర పైలంగ చూస్కో."

సత్తమ్మ ఖుర్పీ పట్టుకున్న చెయ్యి ఎత్తి, "అట్లనే చెల్లె" అంది.

కాగితానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం ఆఫీసులో సారు మీటింగులో ఉన్నాడు. రెండో వారం దరఖాస్తు ఇంగ్లీషులో రాయమన్నారు. రాసింది. పెళ్ళి షూటింగు కాదని సంతకం పెట్టమన్నారు. పళ్ళు నూరుకుంటూ పెట్టింది. మూడో వారం గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "గులాబీలది తీస్తరా, రాయిది తీస్తరా? రెండిటికీ సెక్షన్లు వేరు" అన్నాడు. కరుణ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దింది. అతని చాయ్ గ్లాసు ఎగిరి ఫైలు మీద పడింది. భయపడ్డాడో, పీడ వదిలించుకుందామనుకున్నాడో, ఆ సాయంత్రమే ముద్ర వేసిచ్చాడు. ఈ మూడు వారాలూ ఆమె స్టూడియోకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ రామాయణమే చెప్పింది. శ్రీశైలం సారుకు రోజూ ఫోన్ చేసి ఆఫీసును తిట్టింది. వాట్సాప్ గ్రూపుల్లో పేజీలు పేజీలు రాసింది.

ఆదివారం గేటు దగ్గర కాగితాన్ని బాలనర్సింహ ముఖం ముందు ఆడించింది. అతను చదవను కూడా చదవలేదు. "పో అక్కా" అని పక్కకు జరిగాడు. గెలిచిన ఊపులో ఎర్ర గులాబీల మడి దాకా నడిచి, అక్కడే కొయ్యబారిపోయింది.

రాయి ఇప్పుడు ఒరిగి లేదు. కొత్త సిమెంటు గద్దె మధ్యలో నిటారుగా నిలబడి ఉంది. పైనుంచి కింది దాకా దిట్టంగా పసుప్పచ్చ ఆయిల్ పెయింటు, మధ్యలో మూడు ఎర్ర బొట్లు, మీద చామంతి దండ. అక్షరాల గాట్లన్నీ రంగుతో పూడిపోయి రాయి నున్నగా మెరుస్తోంది. నాలుగో వరుస ఉండాల్సిన చోట సిమెంటు మొదలైంది.

సత్తమ్మ నవ్వుతూ వచ్చింది. "ఎన్ని దినాలాయె చెల్లె! చూడు, ఎంత మంచిగ చేపిచ్చిన్నో. పార్కుల బాట పోసే మేస్త్రిని బతిమిలాడి మొన్న నిలవెట్టిచ్చిన. రంగు నేనే ఏసిన."

"నీకు బుద్ధుందా? ఎవలు ఎయ్యమన్నరు రంగు?" కరుణ గొంతు పార్కంతా వినబడింది. "నాశనం చేసినవ్! మొత్తం నాశనం చేసినవ్! రాయి కనవడితే సాలు, బొట్టు పెట్టుడేనా మీ అసొంటోళ్లకు?"

సెల్ఫీలు దిగేవాళ్ళు ఫోన్లు ఇటు తిప్పారు. సత్తమ్మ ముఖంలో నవ్వు పోయింది. కానీ ఆమె ఏడవలేదు, తల దించుకోలేదు.

"నువ్వే గద గొప్ప రాయన్నవ్. పైలంగ చూస్కోమన్నవ్. గొప్ప రాయిని మేం గిట్లనే చూస్కుంటం. కడిగి, నిలవెట్టి, రంగేసి, బొట్టు పెడ్తం. ఇంకోతీరుగ చూస్కోవాలంటె నాకు చెప్తివా?"

"దాని మీద రాసున్నది అక్కా..."

"ఏం రాసున్నదో చెప్తివా?"

సత్తమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"సారుకు చెప్పినవ్. ఆఫీసుల చెప్పినవ్. బస్టాండు కాడ వచ్చెటోళ్లకు పొయ్యెటోళ్లకు చెప్తున్నవట. నాకు చెప్పలే. మట్టి జర పక్కకు తియ్యక్కా అంటే ఎంతసేపు పని? ఫోన్ల తీస్కోమనే గదా వాడన్నది? ఆనాడే తీస్కుంటె అయిపోతుండె. నీ పంతానికి నువ్వు ఆఫీసుల పొంటి తిరిగినవ్."

ఆ రోజు ఫోన్ కరుణ జేబులోనే ఉంది. ఫోన్లో తీసినా శ్రీశైలం సారు చదివేవాడే. ఖుర్పీ చేతిలో పట్టుకున్న మనిషి కంచె అవతలే ఉంది. అయినా ఆమెకు పేరు కంటే గేటు దగ్గర గెలవడమే ముఖ్యమైంది. చదువు రాని సత్తమ్మకు చెప్పి ఏం లాభం అని తను అనుకున్న సంగతి కూడా ఇప్పటిదాకా తనకే తెలియలేదు. "పాతదే గదా" అన్న వాళ్ళందరినీ తిట్టిన తన నోటి మీద తనకే అసహ్యం పుట్టింది.

మడి గట్టు మీద కూలబడి కెమెరా తెర వెలిగించింది. "రా అక్కా, కూసో" అంది. పాత ఫొటో చూపిస్తూ, సారు చెప్పినట్టే నాలుగు వరుసలూ వేలు పెట్టి చదివి చెప్పింది. దారిన పోయేవాళ్ళ కోసం, గొడ్ల కోసం, మైలమ కూతురు తవ్వించిన బావి.

"ఏం పేరు ఆమెది?"

"కింది వరుసల ఉన్నది."

సత్తమ్మ తన చేతులు చూసుకుంది. "మట్టి కడిగినప్పుడు కనవడ్డది. ఇంకో వరుస. పీచుతోని తోమిన. మంచిగ తేటగ ఉండె." గద్దె వైపు తిరిగింది. "అంటే ఆ పేరును నేనే పూడ్చిన్నా?"

"ఇద్దరం పూడ్చినం."

"నేను ఈ ఊరికి కోడలుగ వచ్చిన కొత్తల గా బాయి నీళ్లే మోసిన. పూడ్చిననాడు మమ్ముల ఒక్కలు అడగలే." ఆమె కోపంగా కొంగు నడుముకు దోపుకుంది. "ఎవలు తవ్విపిచ్చిన్రో తెల్వకుండ దండం పెట్టుకుంట కూసోవాల్నా నేను?"

లేచి పనిముట్ల గదిలోకి పోయింది. మేస్త్రి వదిలిపోయిన ఉలి, సుత్తె పట్టుకుని వచ్చింది. బాలనర్సింహ ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"సత్తమ్మా! గద్దె పగలగొట్టుమని ఎవలు చెప్పిన్రు? నీ నౌకరి పోతది!"

"పోయి చెప్పు మీ సార్లకు. పేరు గూడ చెప్పు. సత్తమ్మ అని సరిగ్గ రాస్కోమను."

కరుణ కెమెరాను గట్టు మీద పెట్టి, గద్దె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఉలిని రెండు చేతులతో సిమెంటుకు ఆనించి పట్టుకుంది.

"మెల్లగ అక్కా. అక్షరానికి తగిలితే పాయె."

సత్తమ్మ సుత్తె ఎత్తింది.